ఏకచక్రపురం వంతు

మహాభారతం ఆదిపర్వంలోని ఏకచక్రపురం కథ తెలుగువారికి చిన్ననాటి నుండి పరిచితమైనదే. లక్క ఇంటి నుండి తప్పించుకొన్న పాండవులు తల్లితో కలిసి బ్రాహ్మణ వేషంలో ఆ ఊరు చేరి, ఒక గృహస్థుని ఇంట తలదాచుకొని, భిక్షాటనంతో కాలం గడుపుతారు. ఊరి వెలుపల బకుడనే రాక్షసుడున్నాడు. వాడికీ పురవాసులకూ మధ్య ఒక ఒడంబడిక ఉన్నది. బండెడు అన్నాన్నీ, బండికి కట్టిన దున్నపోతులనూ, దానిని తోలుకొనిపోయే ఒక మనిషినీ వంతుల వారీగా ఒక్కొక్క ఇంటివారు పంపాలి. ఒక్కొక్క ఇంటికి ఆ వంతు ఎన్నో ఏళ్లకు గాని రాదు. వచ్చేదాకా ఊరిలో అంగళ్లు తెరుచుకొంటాయి, పెళ్లిళ్లు జరుగుతాయి, వేదఘోష వినిపిస్తుంది. వంతు వచ్చిన ఇంటి నుండి మాత్రం ఏడుపు వినిపిస్తుంది.

ఈ కథలో సాధారణంగా అందరి దృష్టీ భీమసేనుని భుజబలం మీదనే నిలుస్తుంది. కాని నీతిశాస్త్ర దృష్టితో చూచినప్పుడు భీముని కంటె ఆ ఊరే ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. ఒక పురం పురమంతా అంతటి ఘోరానికి ఎలా అలవాటు పడగలిగింది? ఆ ఊరివారు దుర్మార్గులు కారు. హింసను అంగీకరించినవారూ కారు. వారు చేసినదల్లా హింసను ఒక లెక్కలోకి మార్చుకోవడం. లెక్కలోకి చేరిన దుఃఖం భరింపదగినదిగా కనిపిస్తుంది. ఇన్ని ఇళ్లలో ఒక్క ఇల్లు, ఇన్ని దినాలలో ఒక్క దినం అనుకొన్నప్పుడు భయానికి కూడా ఒక సగటు ఏర్పడుతుంది. నేడు పెరుగుతున్న ప్రతి చిన్న నగరం ముందూ ఉన్న ప్రశ్న ఇటువంటిదే. ఏటేటా ప్రకటితమయ్యే హత్యల, దాడుల, అత్యాచారాల అంకెలను పౌరుడూ పాలకుడూ ఏ దృష్టితో చూడాలి? ఆ అంకె ఎవరికి ఏ బాధ్యతను గుర్తు చేస్తుంది?

పెరుగుదల, ఎదుగుదల

తెలుగులో పెరగడం వేరు, ఎదగడం వేరు. దేహం పెరుగుతుంది, మనిషి ఎదుగుతాడు. నగరాల విషయంలోనూ ఈ తేడా వర్తిస్తుంది. కృష్ణాతీరాన ఉన్న విజయవాడ ఇందుకు తగిన నిదర్శనం. 1888లో పురపాలక సంఘమైన ఈ పట్టణపు జనాభా 1951 నాటికి సుమారు లక్షా 60 వేలు. 1981లో అది నగరపాలక సంస్థ అయింది. 1991 నాటికి జనాభా దాదాపు 7 లక్షలకు చేరి, 2011 నాటికి 10 లక్షలను దాటింది. ఉత్తర దక్షిణ భారతాలను కలిపే రైలు మార్గాల కూడలిగా, డెల్టా పంటలకు విపణిగా, లారీ రవాణాకు కేంద్రంగా, పుస్తక ప్రచురణకూ చలనచిత్ర పంపిణీకీ స్థావరంగా ఆ ఊరు వృద్ధి పొందింది. 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత సమీపంలోని అమరావతిలో రాజధాని నిర్మాణం తలపెట్టడంతో చుట్టుపక్కల పొలాలు ఇళ్ల స్థలాలుగా మారాయి, భూముల ధరలు పెరిగాయి.

ఇటువంటి ఊరికి మనుషులు ఎక్కడెక్కడి నుండో వస్తారు. ఉత్తర కోస్తా జిల్లాల నుండి తాపీపనికి వచ్చినవాడు, పల్లె నుండి చదువుకోసం వచ్చిన విద్యార్థిని, ఆటోనగర్‌లో మరమ్మతు పని నేర్చుకొంటున్న కుర్రవాడు, భర్త పోయి బిడ్డలతో బ్రతుకుతెరువు వెదుక్కొంటూ వచ్చిన ఇల్లాలు. బల్లపరుపు నేల మీద స్థలం కొనలేనివారు కొండవాలుల మీద మెట్లు కట్టుకొని, ఒకరి ఇంటి కప్పు మరొకరి ఇంటి వాకిలిగా నివసిస్తారు. ఊరి వైశాల్యం పెరిగినంత త్వరగా వీధి దీపాలు పెరగవు. జనసంఖ్య పెరిగినంత వేగంగా రక్షకభట నిలయాలు, న్యాయస్థానాలు, ఆసుపత్రులు పెరగవు. అన్నింటికంటె మించి, పక్క ఇంటి మనిషి ముఖం గుర్తుపట్టే అలవాటు అంత త్వరగా ఏర్పడదు. పెరుగుదలకూ ఎదుగుదలకూ మధ్య ఏర్పడే ఆ వ్యవధిలోనే హింసకు చోటు దొరుకుతుంది.

అంకె చెప్పేది, చెప్పనిది

నగరాలు పెరిగితే హత్యలు పెరుగుతాయన్నది లోకంలో బలంగా పాతుకొన్న నమ్మకం. దేశపు లెక్కలు ఈ నమ్మకాన్ని బలపరచవు. జాతీయ నేర రికార్డుల బ్యూరో 1986లో ఏర్పడింది. దేశంలోని నేరాల వార్షిక సంకలనం అంతకు ముందు నుండే, 1953 సంవత్సరపు వివరాలతో మొదలై, వెలువడుతున్నది. 1992లో దేశం మొత్తం మీద నమోదైన హత్యలు 40 వేలను మించాయి. 2022లో ఆ సంఖ్య 28,522. ఈ మధ్యకాలంలో దేశ జనాభా ఎంతో పెరిగింది. పట్టణవాసుల పాలు 1991లో నూటికి సుమారు 26 ఉండగా 2011 నాటికి 31కి చేరింది. పట్టణాలు పెరిగిన కాలంలోనే హత్యలు తగ్గాయన్న మాట. కాబట్టి నగరం స్వభావతః క్రూరమైనదనే తీర్పుకు ఆధారం లేదు.

అయితే అంకె తగ్గితే మంచి, పెరిగితే చెడు అన్న సూత్రం కూడా అన్ని నేరాలకూ వర్తించదు. శవాన్ని దాచడం కష్టం గనుక హత్యల లెక్క చాలావరకు నమ్మదగినది. అవమానాన్ని దాచడం సులభం గనుక స్త్రీలపై జరిగే అత్యాచారాల లెక్క అటువంటిది కాదు. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన దారుణం దేశాన్ని కదిలించింది. 2013లో చట్టాన్ని సవరించి నేర నిర్వచనాన్ని విస్తరించారు. ఫిర్యాదును స్వీకరించని పోలీసు అధికారిని శిక్షించే ఏర్పాటు చేశారు. అదే సంవత్సరం నవంబరులో సర్వోన్నత న్యాయస్థానం, విచారణార్హమైన నేరం గురించి సమాచారం అందినప్పుడు ప్రథమ సమాచార నివేదిక నమోదు చేయడం తప్పనిసరి అని లలితా కుమారి కేసులో తీర్పు చెప్పింది. 2012లో 24,923గా ఉన్న అత్యాచార కేసులు 2013లో 33,707 అయినాయి. ఒక్క ఏడాదిలో దేశంలోని పురుషులు అంతగా పతనమైనారని దీని అర్థమా? చట్టపు పరిధి విస్తరించింది. దానితోపాటు, అంతవరకు నోరు విప్పని కుటుంబాలు కొన్ని నోరు విప్పాయి. అంకె పెరగడంలో కొంత చెడు ఉండవచ్చు, కొంత ధైర్యమూ ఉండవచ్చు. ఈ రెండింటినీ వేరుచేసి చూడలేని పాలకుడు ధైర్యాన్ని శిక్షించి మౌనానికి బహుమానం ఇచ్చే ప్రమాదం ఉన్నది. తన పరిధిలో నేరాలు తగ్గినట్లు చూపితే మెప్పు వస్తుందని తెలిసిన ఠాణాలో, ఫిర్యాదు చేయవచ్చిన వ్యక్తికి కుర్చీ చూపడం కంటె దారి చూపడమే తేలిక.

పెరుగుతున్న చిన్న నగరానికి సంబంధించి మరొక చిక్కున్నది. బ్యూరో తన నివేదికలో నగరాలకు కేటాయించే ప్రత్యేక పట్టికల్లోకి ఒకప్పుడు 10 లక్షలు దాటిన నగరాలు చేరేవి. 2001 జనగణన ఆధారంగా ఎంచిన 35 నగరాలలో హైదరాబాదు, విశాఖపట్నాలతో పాటు విజయవాడ కూడా ఉండేది. 2016 నుండి 20 లక్షలు దాటిన 19 మహానగరాలకే ఆ పట్టికలు పరిమితమైనాయి. చిన్న నగరం ఆ వెలుగు నుండి తప్పుకొని జిల్లాల వరుసలలో ఒక పంక్తి అయింది. దేశమంతా మహానగరాల నేరాల గురించి చర్చిస్తుంటే, నిజంగా రూపు మారుతున్న ఊళ్లు ఆ చర్చలో కనిపించకుండా పోతాయి.

రేటు అనబడే నిష్పత్తిలో హారం సంగతి కూడా గమనింపదగినది. మహానగరాల నేరాల రేటును 2022 నివేదికలో కూడా 2011 జనగణన సంఖ్యతోనే భాగించారు. 2021లో జరగవలసిన జనగణన వాయిదాపడి 2027కు నిర్ణయమైంది. అంటే లవంలో నేటి నేరాలు, హారంలో పుష్కరానికి ముందటి మనుషులు. ఊరు ఎంత వేగంగా పెరిగితే దాని రేటు అంత భయంకరంగా కనిపిస్తుంది. ఇది కేవలం గణితదోషమని వదిలివేయడానికి వీలులేదు. ఆ తరువాత వచ్చిన కూలివాడు నేరం చేసినా, నేరానికి బలియైనా లవంలో చేరుతాడు. ప్రతిదినం ఇటుక మోసి ఆ ఊరిని నిర్మిస్తున్నవాడిగా మాత్రం హారంలో చేరడు. అపరాధిగానో శవంగానో లెక్కకు వచ్చి, నివాసిగా లెక్కకు రాని మనిషి చిన్న నగరాలలో వేలకు వేలు ఉన్నాడు. అతడి పట్ల ఆ నగరపు వైఖరి కూడా ఆ పట్టికను పోలియుండటం యాదృచ్ఛికం కాదు. ఏ దొంగతనం జరిగినా ముందుగా అనుమానం కొత్తగా వచ్చినవాడి మీదికి పోతుంది. ఏ పథకం వచ్చినా చివరగా అతడి దగ్గరకు చేరుతుంది.

పల్లె అమాయకమా?

కొత్తగా వచ్చినవాడి మీది అనుమానానికి వెనుక మరొక భావన ఉన్నది. పల్లెలో అందరూ అందరికీ తెలుసు, కట్టుబాటు ఉన్నది, అందుచేత అక్కడ నేరం తక్కువ. నగరానికి రాగానే కట్టుబాటు తెగి మనిషి చెడిపోతాడు అన్నది ఆ భావన. ఇందులో సత్యాంశం లేకపోలేదు. చూచే కళ్లున్న చోట చేయి తడబడుతుంది. 1909లో రచించిన హింద్ స్వరాజ్‌లో గాంధీజీ ఆధునిక నాగరికతను విమర్శించడంలో ఇటువంటి ఆవేదన ఉన్నది. కాని 1948 నవంబరు 4న రాజ్యాంగసభలో ముసాయిదా ప్రతిపాదిస్తూ అంబేద్కర్ గ్రామాన్ని ఆదర్శీకరించే ధోరణిని తీవ్రంగా ఖండించారు. ఆ కట్టుబాటు ఎవరిని రక్షించింది, ఎవరిని అణచివేసింది అన్నది ఆయన విమర్శలోని మూలప్రశ్న.

విజయవాడకు ఎంతో దూరంలో లేని రెండు గ్రామాలు ఆ ప్రశ్నకు తెలుగు నేల మీద సమాధానం చెప్పాయి. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులు హతులైనారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది హతులైనారు. చంపినవారికీ చచ్చినవారికీ ముఖపరిచయం లేకపోలేదు. ఒకే ఊరి నీరు తాగి, ఒకే పొలాల్లో పనిచేసినవారు వారు. పల్లెకు కళ్లున్నాయి, ఆ కళ్లు హింసను ఆపలేదు. ఆ పరిచయమే పగకు చిరునామా చూపింది. బ్రతికినవారు ఎక్కడికి పోయారన్నది ఈ సందర్భంలో మరవరాని విషయం. కారంచేడు బాధితులు చీరాలలో తలదాచుకొన్నారు. చుండూరు బాధితులు తెనాలి చేరారు. రెండూ చిన్న పట్టణాలే. తరతరాల కట్టుబాటు కాటువేసినప్పుడు అభయమిచ్చింది, ఎవరు ఎవరో అంతగా పట్టించుకోని పట్టణం.

కాబట్టి నగరపు అపరిచితత్వం పూర్తిగా దోషమూ కాదు, పూర్తిగా గుణమూ కాదు. పేరూ కులమూ అడగకుండా పని ఇచ్చే వీధి, పడిపోయినవాడిని చూడకుండా దాటిపోయే వీధి, రెండూ ఒక్కటే. మొదటి గుణాన్ని నిలుపుకొంటూ రెండవ దోషాన్ని పోగొట్టుకోవడం ఎలా అన్నదే చిన్న నగరపు నైతిక సమస్య. పాత కట్టుబాటును తిరిగి తెచ్చుకోవడం దానికి పరిష్కారం కాజాలదు. ఎవరో తెలియని మనిషి పట్ల కూడా బాధ్యత వహించే కొత్త కట్టుబాటును నేర్చుకోవడమే మార్గం. ఆధునిక భాషలో దానికే పౌరధర్మమని పేరు.

భీముడా, బకుడా?

ఆ కొత్త కట్టుబాటు ఏర్పడనిచోట దాని స్థానాన్ని మరొకటి ఆక్రమిస్తుంది. ఇంటి అద్దెకు సంబంధించిన తగాదాకు న్యాయస్థానంలో ఏళ్లు పడుతుంది. లారీ కిరాయి బాకీకి, స్థలం హద్దుకు, అన్నదమ్ముల పంపకానికి కూడా అంతే. అదే తగాదాను ఒక బలవంతుడు ఒక్క సాయంకాలంలో తేల్చివేస్తాడు. దానికి సెటిల్మెంటు అని పేరు. మొదట అతడు బలహీనుడికి అండగా నిలిచినవాడిగానే వీధిలో పేరు తెచ్చుకొంటాడు. ఆ పేరులో అసత్యం కూడా ఉండకపోవచ్చు. క్రమంగా అండకు వెల ఏర్పడుతుంది, వెలకు వర్గం ఏర్పడుతుంది, వర్గానికి ప్రతివర్గం ఏర్పడుతుంది. పోలీసు పుస్తకంలో రౌడీ షీటుగా తెరుచుకొన్న కాగితం, వీధిలో కొందరి నోట గౌరవవాచకంగా మారిపోతుంది.

విజయవాడ 1970, 80 దశకాలలో ఈ అనుభవాన్ని చవిచూచింది. కళాశాలల విద్యార్థి సంఘాలు, కార్మిక సంఘాలు ముఠా తగాదాలలో చిక్కుకొన్నాయి. పరస్పరం తలపడిన రెండు కుటుంబాలవారూ 1974 నుండి 1988 వరకు తమ సోదరులను హత్యలలో పోగొట్టుకొన్నారు. 1988 డిసెంబరు 26న శాసనసభ్యుడు వంగవీటి మోహనరంగా నిరాహారదీక్షలో ఉండగా హత్యకు గురైనారు. ఆ తరువాత చెలరేగిన అల్లర్లు విజయవాడను దాటి కోస్తా జిల్లాలకు పాకాయి. కర్ఫ్యూ విధించవలసివచ్చింది. ఆ తగాదాతో ఏ సంబంధమూ లేనివారి దుకాణాలు, వాహనాలు, చలనచిత్రశాలలు కాలిపోయాయి. మరుసటి సంవత్సరం విడుదలైన 'శివ' చలనచిత్రానికి కళాశాలకూ రౌడీ ముఠాకూ గల సంబంధమే కథావస్తువు. దాని దర్శకుడు రామ్‌గోపాల్ వర్మ విజయవాడలో ఇంజనీరింగు చదివినవారు కావడం గమనార్హం.

ఇక్కడ ఏకచక్రపురం కథలోని ఒక చిన్న అంశం జ్ఞప్తికి వస్తుంది. బకుణ్ణి చంపిన భీముడు కళేబరాన్ని ఊరి వాకిట పడవైచి, ఎవరి కంటా పడకుండా ఇంటికి చేరుకొంటాడు. తన పేరు చెప్పడు. మరునాటి నుండి ఆ బండెడు అన్నం తనకు పంపమని అడగడు. పురవాసులు తమను రక్షించినది ఎవరో తెలియకనే ఉత్సవం చేసుకొంటారు. రక్షకుడికీ రాక్షసుడికీ మధ్యనున్న గీత భుజబలంలో లేదు, ఇద్దరూ బలవంతులే. ఒకడు వంతును రద్దు చేశాడు, మరొకడు వంతును వసూలు చేశాడు. బకుణ్ణి తొలగించి అతడి బండిని తన వాకిటికి తిప్పుకొన్నవాడు ఎంత జనప్రియుడైనా భీముడు కాలేడు. అన్యాయం నుండి విముక్తి కోరే ప్రజలు తరచు ఈ తేడాను మరచిపోతారు. మరచిపోవడానికి కారణం వారి అజ్ఞానమని సరిపుచ్చుకోవడానికి వీలులేదు. ఆ కథలోనే వంతు వచ్చిన గృహస్థుడు తమ ప్రాంతపు రాజు దుర్బలుడని వాపోతాడు. న్యాయం సకాలంలో అందించలేని రాజ్యం ప్రజలను బలవంతుని వాకిటికి తానే పంపుతుంది.

ఇంటిలోని చీకటి

వీధి హింస గురించిన భయం మరొక సత్యాన్ని మరుగుపరుస్తుంది. 2022లో దేశంలో జరిగిన హత్యలకు కారణాలను వర్గీకరించినప్పుడు తగాదాలు మొదటి స్థానంలో నిలిచాయి. అటువంటి కేసులు 9,962. వ్యక్తిగత కక్షల వల్ల జరిగినవి 3,761. లాభాపేక్షతో జరిగినవి 1,884 మాత్రమే. అదే ఏడాది స్త్రీలపై నమోదైన నేరాలలో నూటికి 31 పాళ్లకు పైగా భర్త, అతని బంధువులు పెట్టిన హింసకు సంబంధించినవి. అత్యాచార కేసులలో నిందితుడు బాధితురాలికి తెలిసినవాడై ఉండటం నూటికి 95కు మించిన సందర్భాలలో కనిపిస్తుంది. చీకటి సందులో ఎదురుపడే అపరిచితుని గురించి నగరం భయపడుతున్నది. కాని చాలా సందర్భాలలో కత్తి పట్టిన చేయి తెలిసిన చేయి.

పెరుగుతున్న ఊరిలో ఈ తెలిసిన చేతులకు కొత్త కారణాలు దొరుకుతాయి. నిన్నటివరకు గడ్డి మొలిచిన గట్టు నేడు లక్షల విలువ చేసినప్పుడు, తండ్రి నోటిమాటతో చేసిన పంపకం కొడుకులకు సరిపోదు. పల్లెలో తగవు తీర్చే పెద్దమనిషి దూరమైనాడు. న్యాయస్థానపు వాయిదా అంతకంటె దూరంలో ఉన్నది. ఒక్క గదిలో సంసారం చేసేవారికి కోపాన్ని దాచుకొనే చోటు కూడా ఉండదు. గోడ పలుచన గనుక ఏడుపు పక్క ఇంటికి వినిపిస్తుంది. అది వారి ఇంటి విషయం అన్న మాట మాత్రం ఏ గోడకంటెనూ మందమైనది.

తొందరపడిన దండం

హింస పెరిగిందన్న భావన కలిగినప్పుడు ప్రజల ఆవేశం దండనను కోరుతుంది. అది సహజం, కొంతవరకు న్యాయం. దండం లేనిచోట మాత్స్యన్యాయం ప్రబలుతుందని ప్రాచీనులు చెప్పారు. కురుక్షేత్రంలో గెలిచి కూడా సింహాసనమెక్కడానికి వెనుదీసిన ధర్మరాజుకు శాంతిపర్వంలో పెద్దలు బోధించినది దండధర్మాన్నే. అయితే తప్పుగా ప్రయోగించిన దండం ప్రయోగించినవాడినే నశింపజేస్తుందన్న హెచ్చరిక కూడా ఆ ధర్మంలో భాగమే.

ఈ హెచ్చరికకు దూరం వెళ్లి ఉదాహరణ వెదకనక్కరలేదు. విజయవాడ ప్రాంతంలోనే 2007లో జరిగిన ఒక విద్యార్థిని హత్య రాష్ట్రమంతటినీ కలచివేసింది. నేరస్థుని వెంటనే పట్టుకోవాలన్న ఒత్తిడి తీవ్రమైంది. అరెస్టయిన ఒక పేద యువకుడికి 2010లో కింది న్యాయస్థానం శిక్ష విధించింది. 2017లో ఉన్నత న్యాయస్థానం అతణ్ణి నిర్దోషిగా విడుదల చేసింది. అతడి యౌవనంలో దాదాపు ఎనిమిదేళ్లు జైలుగోడల మధ్య గడిచిపోయాయి. మరణించిన బిడ్డకు న్యాయం ఆ తీర్పుతో తిరిగి మొదటికి వచ్చింది. ఒక ప్రాణానికి బదులుగా ఎవరో ఒకరిని అప్పగించి ఊరు ఊపిరి పీల్చుకోవడం కూడా బకుని బండి తోలడం వంటిదే. బండి మీద కూర్చోబెట్టినవాడు తరచు అండలేనివాడే అవుతాడు. 2022 చివర దేశపు కారాగారాలలో ఉన్నవారిలో నూటికి 75 మందికి పైగా ఇంకా నేరం రుజువుకాని విచారణ ఖైదీలే.

చుండూరు విషయంలో అన్యాయం మరొక రూపంలో కనిపించింది. గ్రామంలోనే ఏర్పాటైన ప్రత్యేక న్యాయస్థానం ఘటన జరిగిన 16 ఏళ్లకు, 2007లో, 21 మందికి యావజ్జీవ శిక్ష విధించింది. 2014లో ఉన్నత న్యాయస్థానం నిందితులందరినీ విడుదల చేసింది. ఒకచోట దండం తొందరపడి తప్పు మనిషిని తాకింది. మరొకచోట ఆలస్యమై ఎవరినీ తాకలేదు. 2024 జూలై 1 నుండి 1860 నాటి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. చట్టాల పేర్లూ సెక్షన్ల సంఖ్యలూ మారినాయి. ఓపికగా సాక్ష్యం సేకరించే దర్యాప్తు అధికారి, భయం లేకుండా నిలబడే సాక్షి, సకాలంలో పలికే తీర్పు అనే మూడింటి అవసరం మాత్రం మారలేదు.

గోడకు చెవి ఒగ్గినవారు

అయితే నగరంలో జరిగే ఒక హత్యకు బాధ్యత ఎవరిది? చేసినవానిదే అనడం న్యాయస్థానానికి సరిపోయే సమాధానం. అక్కడ అంతకు మించిన సమాధానం ఉండరాదు కూడా. ఊరందరి దోషమని చెప్పి హంతకుణ్ణి వదిలివేయడం న్యాయం కాదు. సమాజందే అనడం ఉపన్యాసానికి సరిపోయే సమాధానం. అందరి బాధ్యత అన్నది ఆచరణలో ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది. ఈ రెండింటికీ నడుమ మరొక బాధ్యత ఉన్నది. అది అపరాధం వంటిది కాదు, వినవలసినవాడి బాధ్యత. దీపం లేని వీధి గురించి మూడుసార్లు వచ్చిన అర్జీని చదవవలసిన అధికారి, ఠాణాకు వచ్చిన స్త్రీ మాటను వ్రాసుకోవలసిన ఉద్యోగి, రోజూ గాయాలతో బడికి వచ్చే పిల్లవాణ్ణి చూడవలసిన ఉపాధ్యాయుడు, గోడకు అటువైపు ఏడుపు విన్న పొరుగువాడు. వీరిలో ఎవరూ హంతకులు కారు. కాని హత్యకు ముందు నడిచిన దారి వీరందరి వాకిళ్ల మీదుగానే సాగింది.

అంకెలకు ఉన్న నిజమైన ప్రయోజనం కూడా ఇక్కడనే తెలుస్తుంది. ఊరి మొత్తానికి ఒక రేటు కట్టి, నిరుటికంటె తక్కువని తృప్తిపడటానికో, ఎక్కువని బెదరడానికో అవి పనికివస్తే ఏకచక్రపురపు వంతుల పట్టికకూ వాటికీ భేదం లేదు. ఏ వీధిలో, ఏ వేళలో, ఏ తగాదా ముదిరి ప్రాణం తీసిందో, దానికి ముందు ఆ ఇంటి నుండి ఎన్ని ఫిర్యాదులు ఏ కార్యాలయానికి వెళ్లాయో చెప్పగలిగినప్పుడు అదే అంకె తిరిగి మనిషి అవుతుంది. చిన్న నగరానికి ఇది అసాధ్యం కాదు. మహానగరంలో ఏడాది హత్యలు వందలలో ఉంటే అధికారికి వాటిని మొత్తంగా తప్ప చూడటానికి వీలుకాకపోవచ్చు. చిన్న నగరంలో ఒక్కొక్క మరణాన్నీ విడిగా కూర్చుని చదవడానికి ఇంకా అవకాశం ఉన్నది. ఊరు మరింత పెరిగేలోగా ఆ అలవాటు ఏర్పడితే, అది పెరిగిన తరువాత కూడా నిలుస్తుంది. ఏర్పడకపోతే, తరువాత ఏర్పరచుకోవడం దుర్లభం.

భారతకథలో భీముడు బకుని మీదికి పోవడానికి ముందు ఒక ఘట్టం ఉన్నది. వంతు వచ్చిన ఇంటిలో తండ్రి తాను పోతానంటాడు, తల్లి తాను పోతానంటుంది, కూతురు తాను పోతానంటుంది. పసివాడు ఒక పుల్ల పట్టుకొని, దీనితో రాక్షసుణ్ణి చంపుతానంటాడు. ఈ రోదన ఆ వీధిలోని అందరికీ వినిపించే ఉంటుంది. ఇటువంటి రోదన ఎన్నో ఏళ్లుగా ఏదో ఒక ఇంటి నుండి వినిపిస్తూనే ఉన్నది. విని లోపలికి వెళ్లి, ఏమైందని అడిగినది మాత్రం కుంతి ఒక్కతె. ఆమె ఆ ఊరి ఆడపడుచు కాదు. ఆ ఊరి పన్ను పట్టికలో ఆమె పేరు లేదు. దిక్కులేక, వేరొక పేరుతో, పరుల పంచన తలదాచుకొన్న పొరుగూరి మనిషి ఆమె. ఊరివారి చెవికి అలవాటైపోయిన ఏడుపు, కొత్తగా వచ్చిన ఆమె చెవికి ఇంకా ఏడుపుగానే వినిపించింది.